చర్చిలోనే చంపారు, మళ్ళీ ఆ చర్చే మనుషుల్ని కలపగలదా? (రువాండా గురించి, పెద్ద పోస్టు)

కిగాలీ మాస్టారు
ఏప్రిల్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను కిగాలీలో ఒక కాలేజీలో ఆరేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, సొంతూరు తణుకు దగ్గర. ఇక్కడ ఏప్రిల్ 7 నుంచి వారం రోజులు, 1994లో హుటూ జాతివాళ్ళు టుట్సీ జాతివాళ్ళని వెతికి చంపిన మారణహోమంలో పోయినవాళ్ళని తల్చుకుంటారు, క్విబుకా అంటారు. పాటలుండవు, పెళ్ళిళ్ళుండవు, మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఈసారి మా స్టాఫ్‌తో కలిసి న్తరామా వెళ్ళొచ్చాను. కిగాలీకి దక్షిణంగా ఓ ముప్పై కిలోమీటర్లుంటుంది, చిన్న ఇటుకల చర్చి. 1994 ఏప్రిల్ 15న అక్కడ ఐదు వేల మంది దాకా చనిపోయారు. గోడకి కన్నాలు పెట్టి గ్రెనేడ్లు లోపలికి విసిరారు, ఆ కన్నాలు అట్లాగే ఉంచారు. లోపల చనిపోయినవాళ్ళ బట్టలు, చాపలు, గిన్నెలు, పిల్లల నోటు పుస్తకాలు. నాకు ఆ గిన్నెల దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నాలుగు రోజులు ఉండి, వండుకు తిని, గొడవ సద్దుమణిగాక ఇంటికి పోదామని వచ్చినవాళ్ళ సామాను అది. ఎందుకంటే 1959లోనూ, 1992లో ఇదే బుగెసెరా ప్రాంతంలో చంపుకున్నప్పుడూ, చర్చిలో దూరినవాళ్ళు బతికి బయటపడ్డారు. చర్చి గడప ఎవరూ తొక్కరన్న నమ్మకం. 1994లో ఆ నమ్మకమే వాళ్ళందర్నీ ఒక్కచోటికి చేర్చింది, చంపేవాళ్ళకి వెతుక్కునే పని లేకుండా.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఉన్నారు, అప్పుడు ఆవిడకి పదకొండేళ్ళు, ఇంట్లో ఆవిడొక్కతే మిగిలింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం పూజకి వెళ్తుంది. కానీ ఇంటి పక్కనే ఉన్న చర్చికి వెళ్ళదు, రెండు కిలోమీటర్లు నడిచి ఇంకోదానికి పోతుంది. ఎందుకండీ అంటే, "పూజ మధ్యలో సమాధానం అని పక్కవాళ్ళకి చెయ్యివ్వాలి కదా, ఇక్కడైతే ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే అడుగుతున్నాను, ఇంత జరిగాక మతం వచ్చి "క్షమించుకోండి" అంటే దానికి ఆ హక్కు ఉందా? ఉంటే ఎక్కడ్నుంచి వచ్చింది? తీరిగ్గా చెప్పండి.

పెన్నా తీరం
ఏప్రిల్ 11, రాత్రి 10:25

మాస్టారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏమీ తోచలేదు. నా మాట సూటిగా చెప్తాను. నూటికి తొంభై మంది క్రైస్తవులుండే దేశం అది. వంద రోజుల్లో 8 లక్షల మందికి పైగా చంపారని లెక్క, రువాండా ప్రభుత్వమైతే 10 లక్షలు దాటిందంటుంది. చంపినోడూ చచ్చినోడూ ఒకే బల్ల మీద కూర్చుని ఒకే ప్రార్థన చేసినోళ్ళు. అన్ని ఆదివారాలు చెప్పిన మాట ఆ వంద రోజులూ పనికిరాలేదంటే, తర్వాత పనికొస్తుందని ఎట్లా నమ్మేది? కోర్టులు, పరిహారం, భూములు, చదువులు, వీటితో అయ్యేది అవుతుంది. మిగతాది మనుషులకి వదిలేయాల.

ఇంకోటి, ఇది మతాల గొడవ కాదు కదా, జాతుల గొడవ. మరి ఇందులోకి చర్చి ఎట్లా వచ్చింది? తెలిసినోళ్ళు చెప్పండి.

లాయరమ్మ
ఏప్రిల్ 12, ఉదయం 7:15

పెన్నా తీరం గారూ, చర్చి మధ్యలో రాలేదండీ, మొదట్నుంచీ ఉంది. హుటూలకీ టుట్సీలకీ భాష ఒకటే, కిన్యార్వాండా. దేవుడొకటే, కొండలొకటే. పశువులున్నవాళ్ళు, సేద్యం చేసేవాళ్ళు అనే తేడా ఉండేది, రాజు కొలువులో టుట్సీలది పైచేయి, కానీ ఇటువాళ్ళు అటు అయ్యే వీలు కూడా ఉండేదంటారు. బెల్జియం వాళ్ళొచ్చి 1930ల్లో గుర్తింపు కార్డు ఇచ్చి అందులో జాతి రాసేశారు. 1994లో రోడ్డు మీద అడ్డంగా నిలబడి అడిగింది ఆ కార్డే.

ఇక మిషనరీలు. వైట్ ఫాదర్స్ అని ఫ్రెంచి మూలం ఉన్న సంఘం, వాళ్ళ బిషప్ లియోన్ క్లాస్, టుట్సీలే ఏలడానికి పుట్టారని తెల్లదొరలకి గట్టిగా చెప్పినాయన. మంచి చదువులు టుట్సీ పిల్లలకే. తర్వాత 1950ల్లో చర్చి అటు నుంచి ఇటు తిరిగి హుటూల పక్షం పట్టింది. స్వతంత్రం వచ్చాక సర్కారుతో ఎంత కలిసిపోయిందంటే, కిగాలీ ఆర్చిబిషప్ విన్సెంట్ న్సెంగియుంవా అధికార పార్టీ కేంద్ర కమిటీలో ఏళ్ళ తరబడి సభ్యుడు. కంగురా అనే పత్రిక 1990 డిసెంబర్‌లో "హుటూల పది ఆజ్ఞలు" అని అచ్చేసింది. ఆజ్ఞలు అనే మాట ఊరికే ఎంచుకోలేదు, జనానికి నోటికొచ్చిన మాట అది.

శిక్షలు పడినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. న్యాంగే అనే ఊళ్ళో ఫాదర్ అతనాస్ సెరొంబా, చర్చి లోపల పదిహేను వందల మందికి పైగా ఉండగా బుల్‌డోజర్‌తో కూలగొట్టించాడు, తర్వాత ఇటలీ పారిపోయి ఫ్లోరెన్స్‌లో మారుపేరుతో మళ్ళీ ఫాదర్‌గానే పనిచేశాడు. ఈ కేసుల కోసం టాంజానియాలోని అరూషాలో పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2006లో పదిహేనేళ్ళు వేస్తే 2008 అప్పీలులో యావజ్జీవం అయింది. ముగొనెరోలో ఎడ్వెంటిస్టు పాస్టర్ ఎలిజఫన్ న్తకిరుతిమానాకైతే లోపల దాక్కున్న తోటి పాస్టర్లే ఉత్తరం రాశారు, రేపు మమ్మల్ని కుటుంబాలతో సహా చంపేస్తారట, మీరు అడ్డుపడండి అని. ఆయనకి పదేళ్ళు పడింది. బెల్జియంలో 2001లో ఇద్దరు కన్యస్త్రీలకి కూడా శిక్ష పడింది. ఇది కట్టుకథ కాదు, కోర్టు రికార్డు.

పాస్టరుగారమ్మాయి
ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:05

నేను గుంటూరు జిల్లాలో ఒక పాస్టరుగారి కూతుర్ని. లాయరమ్మ గారు రాసిందాంట్లో ఒక్క అక్షరం కాదనను, చదువుతుంటే ఏడుపొచ్చింది. కానీ ఇంకో పక్క కూడా చూడండి. గిసెన్యీలో ఫెలిసితే నియితెగెకా అని ఒకావిడ, హుటూ, చర్చి సేవకే జీవితం ఇచ్చిన మనిషి. తన దగ్గర దాక్కున్న టుట్సీలని సరిహద్దు దాటించేది. వాళ్ళన్నయ్య సైన్యంలో పెద్ద ఆఫీసరు, నువ్వు తప్పుకో నిన్ను కాపాడతాం అని కబురు పెడితే, వీళ్ళని వదిలి బతకడం కంటే వీళ్ళతో పోవడమే ఇష్టం అని జవాబు రాసింది. ఆవిడని చంపేశారు. అదే బైబిలు, అదే చర్చి. అందుకే మతం పనికిరాదు అని ఒక్క మాటలో కొట్టేయలేను.

నాకు కోపం ఎక్కడంటే, తప్పు ఒప్పుకోడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది అని. 1996లో పోప్ జాన్ పాల్, చేసిన మనుషులు బాధ్యులు గానీ సంఘం కాదు అన్నట్టు రాశారు. రువాండా బిషప్పులు అన్ని చర్చిల్లో క్షమాపణ చదివించింది 2016 నవంబర్ 20న. పోప్ ఫ్రాన్సిస్ ప్రెసిడెంట్ కగామేని కలిసి, చర్చి పాపాలకీ వైఫల్యాలకీ దేవుణ్ణి క్షమాపణ వేడుకున్నది 2017 మార్చిలో. ఇరవై రెండేళ్ళు! మా నాన్నగారు సంఘంలో ఎవరైనా గొడవపడితే బల్ల ఆరాధనకి ముందే వెళ్ళి సర్దుకు రమ్మంటారు. నీ సహోదరునికి నీమీద ఏదైనా ఉంటే అర్పణ అక్కడే వదిలిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడమని మత్తయి సువార్తలో ఉంది కదా. ఆ మాట చెప్పే సంఘమే అర్పణ ఎత్తుకుంటూ పోయింది ఇన్నేళ్ళు.

నూర్ కర్నూలు
ఏప్రిల్ 12, సాయంత్రం 5:30

అస్సలాము అలైకుం అందరికీ. ఈ విషయంలో రువాండా ముస్లిముల గురించి కూడా రాయాల. వాళ్ళు చాలా తక్కువ మంది, కిగాలీలో న్యామిరాంబో అని ఒక పేట, మాస్టారికి తెలిసుంటది. ఆ పేటలో హుటూ ముస్లిములు టుట్సీలని, ముస్లిములు కానోళ్ళని కూడా ఇండ్లల్లో, మసీదుల్లో దాచి కాపాడినారు. తర్వాత ఎంతో మంది ఇస్లాంలోకి వచ్చినారు కూడా. మా అబ్బాజాన్ ఇది చెప్పి గర్వపడతా ఉంటాడు.

నేను మాత్రం దాన్ని ఇంకో రకంగా చూస్తా. చర్చి స్కూళ్ళల్లో ముస్లిముల పిల్లోళ్ళకి చోటుండేది కాదు, గవర్నమెంటు ఉద్యోగాలు లేవు, వ్యాపారాలు డ్రైవరు పనులు చేసుకుంటా బతికేటోళ్ళు. పదవి అంటుకోలేదు, కాబట్టి పదవి కోసం చంపాల్సిన పని పడలేదు. మా మతం మంచిది మీ మతం చెడ్డది అని నేను అనను, కంగురా పత్రిక నడిపిన హసన్ న్గెజె కూడా ముస్లిమే. కుర్చీకి ఎంత దగ్గరగా ఉన్నారు అనేదే అసలు తేడా అని నాకనిపిస్తాది.

ఓరుగల్లు పోరడు
ఏప్రిల్ 12, రాత్రి 11:48

అందరు మంచిగ రాస్తున్నరు. నాకు అంత చదువు లేదు గని ఒక మాట చెప్త. మా ఊర్ల మా చిన్నాయనను భూమి లొల్లిల కాలు ఇరగ్గొట్టిన్రు. కేసు పెడ్తమంటే పెద్దమనుషులు గుడి కాడికి పిలిచి, దేవుని ముందట ప్రమాణం చేపిచ్చి, చెయ్యి చెయ్యి కలిపి "రాజీ అయింది ఇగ మాట్లాడొద్దు" అన్నరు. మా చిన్నాయన ఇప్పటికి కుంటుకుంటనే నడుస్తడు. కొట్టినోడు ఆ గుళ్ళె ఉత్సవాల కమిటీల ఉన్నడు. చిన్నాయన దండం పెట్టుడు బందు పెట్టలే గని ఆ గుడికి మళ్ళ పోలే.

నా భయమేందంటే, క్షమాపణ అని పెద్ద పెద్ద మాటలు చెప్పి గిట్లాంటి రాజీలే చేపిస్తున్నరేమో అక్కడ గూడ. రాజీల ఎప్పుడైనా ఒగ్గేది దెబ్బతిన్నోడే. గచాచా కోర్టులు అని ఇన్న, మన పంచాయతి లెక్కనే అంట కదా, అవి ఎట్ల నడిచినయ్ సార్ జర చెప్పున్రి.

కిగాలీ మాస్టారు
ఏప్రిల్ 13, రాత్రి 8:20

తమ్ముడూ, మీ చిన్నాన్న సంగతి చదివాక మా కొలీగ్ నడిచే ఆ రెండు కిలోమీటర్లే గుర్తొచ్చాయి. నేను ఇన్ని పేరాలు రాసి అడిగినదాన్ని మీరు రాజీ అనే ఒక్క మాటలో పట్టుకున్నారు.

గచాచా అంటే గడ్డి. ఊరి బయట గడ్డిలో కూర్చుని తగవు తీర్చే పాత పద్ధతి. జైళ్ళల్లో లక్ష మందికి పైగా కుక్కేసి ఉన్నారు, మామూలు కోర్టులు విచారించాలంటే వందేళ్ళు పడుతుందని ఆ పద్ధతిని కొత్త చట్టంతో తిరగతోడారు. 2002లో మొదలై 2012లో ముగిసేసరికి సుమారు 12 వేల కోర్టులు, 19 లక్షల కేసులు. జడ్జీలు ఊళ్ళో వాళ్ళే, లాయర్లు లేరు. నేరం ఒప్పుకుని, తోడున్న వాళ్ళ పేర్లు చెప్పి, శవాలు ఎక్కడ పారేశారో చూపించి, ఇంబబాజి అడిగితే, అంటే క్షమించమని అడిగితే, శిక్ష తగ్గేది. ఇక్కడే చిక్కొచ్చింది, నిజంగా కుమిలిపోయి అడిగేవాడూ శిక్ష తగ్గుతుందని అడిగేవాడూ ఒకే మాట అంటారు, వినేవాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది? కానీ ఒక మేలు మాత్రం కాదనలేం, ఎంతోమందికి తమవాళ్ళ ఎముకలు దొరికాయి. మా కొలీగ్‌కి వాళ్ళ నాన్నవి అలాగే దొరికాయి.

ఇక చర్చి సంగతి. నైరుతి మూల ముషాకా అని ఒక విచారణ ఉంది, అంటే ప్యారిష్. అక్కడ ఫాదర్ ఉబాల్డ్ రుగిరంగోగా అని ఒకాయన పనిచేశారు, 2021 జనవరిలో పోయారు. ఆయన టుట్సీ. తల్లితో సహా బంధువులు 80 మందికి పైగా చనిపోయారు. తల్లిని చంపించినవాడు జైల్లో ఎదురుపడి క్షమించమంటే క్షమించి, వాడి పిల్లల చదువు ఖర్చులు తనే పెట్టుకున్నారు. అది ఆయన సొంత గొప్పతనం, అందర్నీ అలా ఉండమనడం కుదరదు. నన్ను ఆకట్టుకుంది ఆయన విచారణలో పెట్టిన నియమం. జైలు నుంచి వచ్చినవాడు నేరుగా వచ్చి సత్ప్రసాదం తీసుకోడానికి లేదు. ఆరు నెలలు వారం వారం తరగతులకి రావాలి. తను ఎవరికి ఏం చేశాడో ఒప్పుకుని ఆ ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగాలి. వాళ్ళ వైపు కూడా కొందరు మాట్లాడుతూ సిద్ధం చేస్తారు. అప్పుడు అందరి ముందూ చర్చిలో మళ్ళీ అడగాలి, దెబ్బతిన్నవాళ్ళు లేచి వచ్చి పక్కన నిలబడితే అప్పుడు లోపలికి.

ఇందులో నాకు కనబడ్డది ఏంటంటే, అక్కడ మతం తన దగ్గరున్న ఒకే ఒక్క తాళాన్ని వాడింది. జైలు దాని చేతిలో లేదు, భూమి దాని చేతిలో లేదు, ప్రసాదం ఇవ్వడం ఇవ్వకపోవడం ఉంది. ఆ తాళం చెవి దెబ్బతిన్నవాళ్ళ చేతికిచ్చింది. తమ్ముడి ఊళ్ళో గుడి పెద్దలు చేసింది సరిగ్గా దీనికి తిరగేసి.

పెన్నా తీరం
ఏప్రిల్ 14, ఉదయం 6:50

ముషాకా గురించి నాకు తెలీదు, ఒప్పుకుంటాను, అది మామూలు విషయం కాదు. కానీ మాస్టారూ, ఆ విధవరాలు మనసు ఒప్పక లేవకపోతే? ఊరంతా చూస్తా ఉంటుంది, ఫాదర్ చూస్తా ఉంటాడు, సర్కారు కూడా సయోధ్య సయోధ్య అని దేశమంతా బోర్డులు పెట్టింది. ఆమె కాదంటే ఆమే చెడ్డదైపోతుంది. క్షమించకుండా ఉండే హక్కు గూడా ఉండాల. మతం ఆ హక్కుని ఒప్పుకోదు, క్షమించకపోతే నీకే పాపమంటుంది.

రెండోది ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. కిబెహో అని ఒక ఊరుంది, 1981లో మరియమ్మ కనబడిందని పేరుపడ్డ తీర్థం. 1994లో అక్కడి చర్చిలో టుట్సీలని చంపారు. ఏడాది తిరిగేసరికి 1995 ఏప్రిల్‌లో అదే కిబెహోలో శిబిరంలో ఉన్న హుటూలని కొత్త సర్కారు సైనికులు కాల్చారు. సర్కారు 338 మంది అంది, అక్కడున్న ఆస్ట్రేలియా శాంతి సైనికులు 4 వేలకి పైనే అన్నారు. ఈ రెండో చావులు గచాచా ముందుకి రాలేదు, ఆ చట్టంలో వాటికి చోటే లేదు. ఆ తల్లులు ఏ ఏప్రిల్‌లో ఏడవాల? చర్చి నిజంగా ధైర్యం చేయాలంటే ఇక్కడ చేయాల. మారణహోమాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు, రెండూ ఒకటే అని అనడం లేదు. కానీ ఒక పక్క ఏడుపుకే అనుమతి ఉన్న చోట సయోధ్య అనే మాట నాకు గొంతు దిగదు.

డర్బన్ తెలుగువాడు
ఏప్రిల్ 14, సాయంత్రం 6:10

నేను దక్షిణాఫ్రికాలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా. ఇక్కడి పాత తెలుగువాళ్ళు 1860 తర్వాత చెరకు తోటలకి కూలికొచ్చిన వాళ్ళ పిల్లల పిల్లలు, ఆంధ్ర మహాసభ 1931 నుంచీ ఉంది. వాళ్ళ ఇళ్ళల్లో 1949 డర్బన్ అల్లర్ల మాట ఇప్పటికీ మెల్లగా చెప్పుకుంటారు, జూలూలకీ ఇండియన్లకీ మధ్య, 142 మంది పోయారు. మళ్ళీ 2021 జులై అల్లర్లలో, డర్బన్‌లో ఇండియన్లు ఎక్కువుండే ఫీనిక్స్‌లో 36 మంది చనిపోయారు, ఈసారి ఎక్కువ మంది ఆఫ్రికన్లు.

వర్ణవివక్ష పోయాక, చేసిన నేరం నిజంగా ఒప్పుకున్నవాళ్ళకి క్షమాభిక్ష ఇచ్చేలా ఇక్కడ పెట్టిన సత్య, సయోధ్య కమిషన్‌కి ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షుడు. విచారణలు 1996లో మొదలయ్యాయి, ఊదారంగు అంగీ వేసుకుని ప్రార్థనతో మొదలుపెట్టేవారు, కోర్టా చర్చా అని విమర్శించినవాళ్ళున్నారు. నాకు నచ్చింది ఏంటంటే 1997 నవంబర్‌లో ఈస్ట్ లండన్ అనే ఊళ్ళో మూడు రోజులు మతాలనే బోనెక్కించారు. వర్ణవివక్షకి బైబిలు వచనాలు వెతికిచ్చిన డచ్ రిఫార్మ్‌డ్ చర్చి వచ్చింది. ముస్లిం సంఘాలు వచ్చాయి, యూదుల చీఫ్ రబ్బీ వచ్చారు, హిందూ మహాసభ కూడా వచ్చింది. మేమూ బాధితులమే కదా మాకెందుకు అనుకోలేదు. మన గుళ్ళల్లో మనం నల్లవాళ్ళని ఎలా చూశామో ఎవరైనా నిజంగా అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. 2021 తర్వాత నేను వెళ్ళే గుళ్ళో ఈ మాట ఎత్తితే ఇప్పుడెందుకులే అన్నారు. ఆ "ఇప్పుడెందుకులే" నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

లాయరమ్మ
ఏప్రిల్ 14, రాత్రి 9:35

అన్నా, ఆ కమిషన్‌కి ఇంకో పక్క కూడా ఉంది. వర్ణవివక్ష మీద పోరాడి పోలీసుల చేతిలో చనిపోయిన స్టీవ్ బికో కుటుంబం మాకు క్షమాభిక్ష వద్దు, కోర్టు కావాలి అని 1996లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళి ఓడిపోయింది. నేను ఆ కుటుంబం పక్షమే. పెన్నా తీరం గారు చెప్పిన క్షమించకుండా ఉండే హక్కు అదే. మొత్తం 7,112 దరఖాస్తుల్లో క్షమాభిక్ష వచ్చింది 849 మందికి. మిగతావాళ్ళ మీద కేసులు పెట్టాల్సింది, దాదాపు ఎవరి మీదా పెట్టలేదు. బాధితులకి 2003లో ఒకసారి 30 వేల ర్యాండ్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. టూటూ మంచి మనిషి కాదని కాదు, ఆయన కన్నీళ్ళు నిజం. ఆయన తెచ్చిన సగాన్ని జనం ఒప్పుకున్నారు, సర్కారు ఇవ్వాల్సిన సగం రాలేదు. సగం బేరమే జరిగింది.

కృష్ణ ఒడ్డున
ఏప్రిల్ 15, ఉదయం 8:05

ఇన్ని రోజులూ చదువుతూ ఉన్నాను, శ్రీలంక మాట ఒకటి కలుపుతాను. మా మాచర్ల దగ్గర నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది, అంటే ఆ ద్వీపం భిక్షువులు మన కృష్ణ ఒడ్డున బస చేసేవారు. అంత పాత చుట్టరికం. నేను వవునియా వైపు రోడ్డు పనుల మీద ఏడాదిన్నర ఉన్నాను.

అక్కడ మన్నార్ బిషప్ రాయప్పు జోసెఫ్ అని ఉండేవారు. తమిళ పులులతో యుద్ధం అయిపోయాక సర్కారు కమిషన్ వేస్తే ఆయన 2011లో వెళ్ళి ప్రసంగం చేయలేదు, లెక్క చెప్పారు. చివరి యుద్ధం జరిగిన ఉత్తరాది వన్ని ప్రాంతంలో ముందు ఉన్న జనాభా ఇంత, శిబిరాలకి చేరినవాళ్ళు ఇంత, రెండూ సర్కారు కాగితాల్లోవే, మిగిలిన 1,46,679 మంది ఏమయ్యారు అని అడిగారు. ఆ అంకెకి జవాబు రాలేదు. ఆయన 2021లో పోయారు. అంత్యక్రియలకి హిందూ తమిళులు కూడా వచ్చారని నాతో పనిచేసిన సర్వేయరు ఫోన్‌లో చెప్పాడు. సయోధ్యలో మత పెద్ద చేయగలిగిన పని ఏంటంటే నాకు ముందు ఆ లెక్కే గుర్తొస్తుంది. ఎంత మంది పోయారో చెప్పనివ్వని చోట క్షమాపణ ఎవరికి చెప్పుకోవాలి?

పాస్టరుగారమ్మాయి
ఏప్రిల్ 15, రాత్రి 7:45

ఈ పోస్టులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటి అడిగారు, ముషాకాలో ఆ ఆరు నెలలు దెబ్బతిన్నవాళ్ళ ఇళ్ళకి ఎవరు వెళ్ళేవారు, ఫాదర్ ఒక్కరేనా, విశ్వాసులు కూడానా అని. మా సంఘంలో రెండు కుటుంబాలు పదేళ్ళుగా ఎడమొహం పెడమొహం, ఒకళ్ళ అబ్బాయి ఇంకొకళ్ళ మూలంగా చనిపోయాడని మాట. ఆయనెప్పుడూ ఇద్దర్నీ పిలిచి చేతులు కలపమనేవారు. ఓరుగల్లు తమ్ముడి పోస్టు విన్నాక, "నేనూ రాజీయే చేయించానమ్మా" అన్నారు. మాస్టారూ, మీ కొలీగ్‌ని అడిగి చెప్పగలరా?

కిగాలీ మాస్టారు
ఏప్రిల్ 16, రాత్రి 10:30

అడిగానమ్మా. ఇవాళ మధ్యాహ్నం క్యాంటీన్లో కూర్చుని మీ అందరి మాటలూ నాకొచ్చిన కిన్యార్వాండాలో, రానిచోట ఇంగ్లీషులో ఆవిడకి చెప్పాను. తమ్ముడి చిన్నాన్న దగ్గరికి వచ్చేసరికి తల ఊపింది, గుడి మానేసి దండం మానకపోవడం దగ్గర. కిబెహో గురించి పెన్నా తీరం గారు రాసింది చెప్తే చాలాసేపు బల్ల వైపే చూసి, "ఆ తల్లులు కూడా తల్లులే" అని మెల్లగా అంది, చుట్టూ ఒకసారి చూసి. ఇక్కడ ఆ మాట ఒక టుట్సీ మనిషి పైకి అనడం ఎంత పెద్ద విషయమో ఇక్కడ ఉంటేనే తెలుస్తుంది.

మీ నాన్నగారి ప్రశ్నకి, ఫాదర్ ఒక్కరే కాదట. ఆవిడ బంధువు ఒకామె ఆ వైపే ఉంటుంది, అంతకుముందే క్షమాపణ దాకా వచ్చిన విధవరాళ్ళూ జైలు నుంచి వచ్చినవాళ్ళూ కలిసి ఇళ్ళకి వెళ్ళేవారట. మొదటి రెండు మూడుసార్లు ఆ మాటే ఎత్తేవారు కాదట, పొలంలో పని చేసి వచ్చేసేవారు.

మరి మీ ఇంటి పక్క చర్చిలో ఇలాంటిది పెడితే వెళ్తారా అని అడిగాను, అడక్కుండా ఉండాల్సింది. "అతను మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు, పూజకి మాత్రం ప్రతివారం వస్తాడు" అంది. ఆదివారం మళ్ళీ ఆ రెండు కిలోమీటర్లూ నడుస్తుంది. ఈసారి నేనూ వస్తానన్నాను, వర్షాలు కదా గొడుగు తెచ్చుకోమంది.